సైకిల్‌కు తెరుచుకున్న గేటు

జనక్‌పురి నుంచి ఆఫీసుకు సైకిల్ తొక్కుతుంటే ఈ రోజు హారన్ వినపడని రోడ్డొకటి దొరికింది. ఢిల్లీలో ఖాళీ రోడ్డా? అప్పుడే అనుమానం వచ్చింది. అనుకున్నట్టే అది ఇక్కడ కోఠీలనే బంగళాల కాలనీ గేటు దగ్గర ఆగింది. బయటి కార్లను వెనక్కి పంపుతున్న గార్డు నా సైకిల్‌నీ, హ్యాండిల్‌కు వేలాడుతున్న క్యారేజీనీ ఎగాదిగా చూశాడు.

"ఏ కోఠీలో పని, భయ్యా?"

సెక్షన్ ఆఫీసర్నంటే నన్నూ వెనక్కి పంపేస్తాడు.

"చివరి కోఠీలో వంట చేస్తాను."

"మదరాసీవా? అచ్ఛా, వెళ్ళు. రేపు ఇడ్లీ పట్రా."

గేటు తీశాడు. కాలనీ దాటేదాకా ఒక్క కారూ ఎదురురాలేదు.

ఇంటికొచ్చి, రేపు నాలుగు ఇడ్లీలు ఎక్కువ పెట్టమన్నాను. "ఎవరికి?" అంటూ మా ఆవిడ అచ్చం ఆ గార్డులాగే చూసింది.