మావయ్య విప్పిన పడవ

మా మావయ్యకు ఒకే ఒక్క జబ్బు. ఇంట్లో ఏది పాడైనా రిపేరు మనిషిని గడప తొక్కనివ్వడు. "వాడికీ రెండు చేతులే, నాకూ రెండు చేతులే. మధ్యలో వాడెందుకు?" అంటూ స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. అక్కడితో ఆ వస్తువుకు నూకలు చెల్లినట్టే.

గోడ గడియారం బాగుచేశాడు. అది పన్నెండింటికి పదమూడు కొట్టడం మొదలుపెట్టింది. "ఒకటి కొసరు" అన్నాడు. వంటింటి కుళాయి బాగుచేశాడు. ఇక్కడ తిప్పితే స్నానాల గదిలో అత్తయ్య నెత్తిన నీళ్లు పడ్డాయి. ఏది విప్పి బిగించినా చివర్లో రెండు మూడు స్క్రూలు మిగిలి తీరాలి. "కంపెనీవాడు ధారాళంగా వేశాడే" అని వాటిని జేబులో వేసుకుంటాడు. ఆయన నడుస్తుంటే జేబు గలగలమంటుంది. ఆ చప్పుడు వీధి మలుపులో వినిపించగానే అత్తయ్య తన కుట్టుమిషను మీద దుప్పటి కప్పేస్తుంది.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. పడవ దాకా వచ్చేసరికి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

మాది చెక్కపడవ, ముప్పయ్యేళ్లది. ఏటికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు రోజూ జనాన్ని దాటిస్తుంది. అవతల మిల్లు, ఆసుపత్రి ఉన్నాయి. మావయ్య ఇంజను దగ్గర కూర్చుంటే, నేను ముందు బల్ల మీద టిక్కెట్లు చింపుతుంటాను. ఆ ఏడాది తనిఖీ అధికారి వచ్చి, అడుగు పలకలు ఎత్తించి, పడవను లోపల్నుంచి పట్టి ఉంచే వంపు దుంగల్లో, అంటే పక్కటెముకల్లో, ఒకదాన్ని చాకుతో పొడిచాడు. చాకు పిడి దాకా దిగింది. పైకి లాగితే మొనకు తడిసిన అట్టముక్కలాంటిదేదో అంటుకుని వచ్చింది.

"ఇది చెక్కేనా?" అన్నాడు అధికారి.

మావయ్య ఆ ముక్క తీసి వేళ్ల మధ్య నలిపాడు. అది ముద్దయిపోయింది.

"మూడు వారాలు టైమిస్తున్నా. ఆ లోపు బాగుచేయించి చూపించండి. లేదంటే ఈ పడవ ఇక నీళ్లలో దిగదు."

ఒడ్డుకు లాగించి చూస్తే ఎడమవైపు ఏడు పక్కటెముకలు కుళ్లిపోయాయి. పడవకు వెన్నెముక లాంటి అడుగుదూలం కూడా ఒక కొసన మెత్తబడింది. మావయ్య పడవలో గొంతుక్కూర్చుని కుళ్లిన చెక్క మీద అరచెయ్యి వేసి ఒక్కొక్క ఎముకా నొక్కి చూశాడు.

"ఏవండీ, పడవలు బాగుచేసే షెడ్డుకి పంపించేద్దాం. అక్కడ చేతి కింద పదిమంది పనివాళ్లున్నారు" అంది అత్తయ్య.

"వాళ్లకీ రెండేసి చేతులే కదా..."

"మొదలుపెట్టకండి! ఇది గడియారం కాదు. నలభైమంది ఎక్కుతారు. పోనీ దీన్ని కట్టిన మేస్త్రీ గారినైనా అడగొచ్చుగా?"

నన్నే పంపారు. మేస్త్రీ ఇల్లు ఒడ్డునే, మా ఇంటికి రెండొందల అడుగుల దూరం. ముప్పయ్యేళ్ల కిందట మా పడవ కట్టింది ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక ఒకరోజు షెడ్డులో పెద్ద పలకను మూడు వేళ్లు కురచగా కోశాడట. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయనకు గుచ్చుకుంది. పనిముట్లు సంచిలో మూటగట్టి తలుపేసుకున్నాడు. అప్పటికి ఏడాది దాటింది.

"తాతా!" అని తలుపు కొట్టాను.

కిటికీ రెక్క బెత్తెడు తెరుచుకుంది. "మేస్త్రీ ఇంట్లో లేడు" అన్నాడు మేస్త్రీ. రెక్క మూసుకుంది.

ఆ మాటే వచ్చి చెప్పాను. మావయ్య ఒక్క క్షణం ఆలోచించి, లేచి, జేబు గలగలలాడించాడు. "అయితే మనమే చేసేద్దాం."

అత్తయ్య నెత్తి పట్టుకుని కూలబడింది.

మా ఇంటి ముందు మంచి నీడ ఉంది. ఆ నీడ వదిలేసి మావయ్య పడవను దుంగల మీద దొర్లించి, ఎండలో, సరిగ్గా మేస్త్రీ కిటికీ ఎదురుగా, రెండు వైపులా ఊతకర్రలు ఆన్చి నిలబెట్టించాడు. అదేమని అడిగితే "ఇక్కడ గాలి బాగా ఆడుతుంది" అన్నాడు. ఆకు కూడా కదలడం లేదు.

నాలుగు రోజులు నేను చూసిన పని పగవాడికి కూడా చూపించకూడదు. పలక ఊడదీయబోయి పలక విరగ్గొట్టాడు. మేకు ఉన్నచోటా కొట్టాడు, లేనిచోటా కొట్టాడు. చుట్టూ చేరిన జనం సలహాలిచ్చారు, ఆయన అందరి సలహాలూ పాటించాడు. అవతలి ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ రోజూ చుట్టుదారిన బస్సెక్కిపోతూ ఆగి చూసేది. "ఈ పడవ నేనిక ఎక్కను తల్లీ" అని నాతో మెల్లగా చెప్పి వెళ్లింది. వారం గడిచిపోతోంది. ఒక్క ఎముకైనా మారలేదు.

కిటికీ రెక్క మాత్రం మొదటి రోజు బెత్తెడు, రెండో రోజు మూరెడు తెరుచుకుంది. నాలుగో రోజుకు బార్లా తెరిచి ఉంది. లోపల మనిషి జాడ లేదు.

ఐదో రోజు ఉదయం మావయ్య పక్కపక్కనున్న రెండు పక్కటెముకలకు సుద్దతో గుర్తు పెట్టి, పడవ కింద దూరి, రంపం వేశాడు. నాలుగు లాగులు లాగాడో లేదో, పడవ మూలిగింది. చెక్క అలా మూలగడం నేనెప్పుడూ వినలేదు.

ఎదురింటి తలుపు దడాలున తెరుచుకుంది.

"ఒరేయ్ ఆగరా! జంటగా తీస్తే పుస్తకంలా విచ్చుకుంటుందిరా!"

ఆయన మాట పూర్తికాలేదు, ఈ వైపు ఊతకర్ర జారింది. పడవ మావయ్య మీదికి జానెడు ఒరిగింది. నేను అరుస్తూ వెళ్లి భుజం ఆనించాను. నా పక్కనే ఇంకో భుజం ఆనింది. మేస్త్రీ! పడిన కర్రను కాలితో దగ్గరకు లాక్కుని, రెండు చేతులతో ఎత్తి, పలక కింద తన్నిపెట్టాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. పట్టు మాత్రం సడలలేదు. పడవ ఆగింది.

కింద నుంచి మావయ్య పాక్కుంటూ వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఊపిరి అందాక అన్న మొదటి మాట: "మీరు ఇంట్లో లేరుగా?"

"ఇప్పుడే వచ్చా" అన్నాడు మేస్త్రీ. ఆ తర్వాత పావుగంట తిట్టాడు. విరిగిన పలక చూసి ఒకసారి, రంపం పళ్లు చూసి ఒకసారి, మావయ్యను చూసి అనేకసార్లు. ఏడాది మాటలన్నీ కలిపి వాడేసినట్టున్నాడు. మావయ్య చేతులు కట్టుకుని విన్నాడు.

"ఒకటి తియ్యి, దాని అచ్చు ప్రకారం కొత్తది చెయ్యి, బిగించు. అప్పుడు రెండోది. తెలిసిందా?"

"తెలీదండి. మీరు పక్కనుంటే తెలుస్తుంది."

మర్నాటి నుంచి మేస్త్రీ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గీత గియ్యబోతే సుద్ద వణికి గీత వంకరపోయింది. ఆయన మొహం మళ్లీ మూసుకుపోబోతుండగా మావయ్య సుద్ద తీసి నా చేతిలో పెట్టాడు. "చెప్పేవాళ్లు గియ్యకూడదండీ. నువ్వు గియ్యవే."

మేస్త్రీ చెప్పాడు, నేను గీశాను, మావయ్య కోశాడు. కుళ్లు పోయి గట్టి చెక్క తగిలేదాకా కోయించాడు, వేలితో మీటి చప్పుడు విని సరేననేదాకా వదల్లేదు. ఏడు ఎముకలూ మారాయి. అడుగుదూలం కొస కోసి, కొట్లో కొన్న బోల్టులతో కొత్త ముక్క అతికాం. సందుల్లో నూలు కూరాం. గడువు ఇంకా రెండు రోజులుందనగా పని అయింది.

అప్పుడు మావయ్య అరచేతిలో ఒక బోల్టు మిగిలింది.

"కొట్టువాడు ధారాళంగా..." అనబోయాడు.

"నోర్ముయ్" అన్నాడు మేస్త్రీ. "అదెక్కడిదో తెలిసేదాకా పడవ కదలదు."

ముగ్గురం బోర్లా పడుకుని ప్రతి ఎముకనూ తడిమాం. పొద్దంతా పోయింది. ఇంజను బల్ల కింద, అడుగుదూలం అతుకు దగ్గర, ఖాళీ రంధ్రం నా వేలికి తగిలింది. ఇంజను అదురుకు మొదట విడిపోయేది అక్కడేనట. మావయ్య ఆ బోల్టు బిగించి, రెండుసార్లు లాగి చూశాడు.

మర్నాడు నీళ్లలోకి దించాం. దించగానే అడుగు నుంచి నీళ్లు ఉబికాయి. ఒడ్డున జనం "అయ్యో" అన్నారు. నేను బకెట్ అందుకున్నాను.

"తోడుతూ ఉండు. ఎండిన పలకలు. తాగనీ, తాగి ఉబ్బనీ" అన్నాడు మేస్త్రీ. అన్నాడే గానీ ఆయన కళ్లు అడుగు పలకలను వదల్లేదు. మావయ్యా నేనూ తోడాం, తోడాం. మధ్యాహ్నానికి బకెట్‌తో తోడాల్సిన నీళ్లు చెంబుకు వచ్చాయి. సాయంత్రానికి మసిగుడ్డకు వచ్చాయి. తర్వాత గుడ్డ కూడా తడవలేదు.

అధికారి వచ్చి చాకుతో పద్నాలుగు చోట్ల పొడిచాడు. ఎక్కడా గోరంత కూడా దిగలేదు. సంతకం పెట్టి "ఎవరు చేశారు?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు మావయ్య. "ఈయన తిట్టారు."

మరుసటి రోజు షెడ్డు గుమాస్తా మా ఇంటికొచ్చాడు. "ఏమండీ, వారంలోపు మేస్త్రీ కదలకపోతే పడవ మా షెడ్డుకే తోసుకొస్తానని మీరు చోటు అట్టేపెట్టించారు. కబురైనా లేదేం?"

అత్తయ్య చేతిలో గరిట ఆగిపోయింది. గుమాస్తా వెళ్లాక మావయ్య వైపు తిరిగింది. "అంటే నలభైమందినీ మీ చేతుల్లో పెట్టే ఉద్దేశం మొదట్నుంచీ లేదన్నమాట. మరి ఎండలో ఆ గోలంతా ఎందుకు?"

మావయ్య చేతులు రెండూ వెనక్కి దాచుకుని, దొంగలా నవ్వాడు. "పిలిస్తే రాడే ఆయన. తప్పు చేస్తే వస్తాడు. తప్పులు చెయ్యడంలో నన్ను మించినవాడు ఈ గట్టున ఉన్నాడా?"

"కర్ర జారడం కూడానా?" అన్నాను.

"అబ్బే, అది నా సొంత తెలివే" అన్నాడు, కొంచెం పాలిపోయి.

నెల తిరక్కుండా చేపలమ్మే ఆవిడ తన చిన్న పడవకు చిల్లుపడిందని, మేస్త్రీ గారిని కాస్త పిలవమని మావయ్యను బతిమాలింది.

"పిలవకు" అన్నాడు మావయ్య. "ఆ కిటికీ ముందు బోర్లించు. ఈ సుత్తి తీసుకో. గట్టిగా ఎత్తు."

ఆవిడ అయోమయంగా సుత్తి ఎత్తింది. అది ఇంకా గాలిలో ఉండగానే తలుపు తెరుచుకుంది. సంచి భుజాన వేసుకుని మేస్త్రీ పరుగులాంటి నడకతో వచ్చేశాడు.

"ఆగమ్మా, వస్తున్నా! వాణ్ణి మాత్రం అవతలికి పంపించు!"