తలుపు మీది పేరు

పంజాగుట్టలో మా ఆఫీసు ఒక నగల కొట్టు పైన, మూడో అంతస్తులో ఉండేది. బోర్డు మీద ఈవెంట్స్ కంపెనీ అని రాసి ఉన్నా, మేము నిజంగా అమ్మేది ఖాళీ చోటు. సంగీత్ వేదిక వెనక గుడ్డ మీద చోటు, పరుగు పందెంలో టీషర్టుల వీపు మీద చోటు, నీళ్ల సీసా మీద చోటు. ఎవరి పేరు ఎంత పెద్దగా, ఎక్కడ కనపడాలో మాట్లాడి ఒప్పించడం నా ఉద్యోగం. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

కొన్నేళ్ల కిందట మా సార్ కార్ల రేసు పెడదామన్నారు. ఒంటి సీటు రేసు బళ్లు కావు, మనం ఆఫీసుకు వేసుకెళ్లే మామూలు కార్లే. లోపల సీట్లు పీకేసి, ఇనుప గొట్టాల పంజరం బిగించి, ట్రాక్ మీద గుంపుగా తిప్పుతారు. అమెరికాలో దీన్ని స్టాక్ కార్ రేసింగ్ అంటారు. షోరూంలో అందరికీ దొరికే కారు కాబట్టి ఆ పేరు.

"స్పాన్సర్లకి చూపించాలమ్మా. దీని చరిత్రేంటో, ఇందులో వ్యాపారం ఏంటో పది స్లైడ్లలో రాసుకురా" అన్నారు సార్.

కార్ల గురించి నాకు ఓనమాలు తెలియవు. నెట్‌లో దొరికినవన్నీ చదివాను గానీ ఏదీ బుర్రకెక్కలేదు. మా ఆఫీసు కారు నడిపే అతను అన్నాడు: "అమీర్‌పేట్ల ఉస్తాద్ ఉన్నడు మేడం. ఒకప్పుడు రేసులల్ల నడిపిండు. జర ఆయన్నడుగుండ్రి."

కంప్యూటర్ కోచింగ్ బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడే సందులో, జిరాక్స్ షాపు వెనక ఉండేది ఉస్తాద్ షెడ్డు. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా గ్రీజుతో ఉండేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు. నేను గుంటూరు వైపు దాన్ని, పెద్దవాళ్లను ఉత్తినే పిలవడానికి నోరు రాదు, అందుకని 'ఉస్తాద్ గారు' అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత నెల రోజులు, ఆఫీసు అయ్యాక మధురానగర్‌లోని హాస్టలుకు పోకుండా, నేరుగా ఆ షెడ్డుకే వెళ్లేదాన్ని.

"ఆడ అమెరికల సారా బందు వెట్టిన్రు బిడ్డా, శానా ఏండ్ల కింద" అని మొదలుపెట్టాడు మొదటిరోజు, స్పార్క్ ప్లగ్గు తుడుస్తూ. "కొండలల్ల దొంగచాటుగ కాసెటోళ్లు కాసిన్రు. మరి పట్నం దాంక ఎట్ల తేవాలె? మామూలు కారులనే. పైకి చూస్తె పాలు తెచ్చే కారు లెక్క ఉండాలె. లోపల ఇంజన్ మార్చిన్రు, స్ప్రింగులు మార్చిన్రు. పోలీసోళ్లు ఎంటవడ్డా అందకపోతుండె. ఇగ ఆదివారం పనిలేదు. నా కారు ఎక్కువ ఉరుకుతదంటె నాదని పొలాలల్ల రేసు వెట్టుకున్నరు. చూడనీకి జనం ఒచ్చిన్రు. ఎవడో తెలివిగల్లోడు సుట్టు కంచె గొట్టి టికెట్ వెట్టిండు. గంతే, దందా షురువైంది."

మిగతాది కూడా ఆయన చెప్పగానే నాకు అర్థమైంది. ఆదివారం గెలిచిన కారునే సోమవారం జనం షోరూంలో అడగడం మొదలుపెట్టారు. దాంతో కార్ల కంపెనీలు దిగాయి. వాటి వెనక సిగరెట్లు, సబ్బులు, కూల్‌డ్రింకులు వచ్చాయి. ముందు పేరు రాసుకోవడానికి చోటు అడిగినవాళ్లు, పోనుపోను కారు మొత్తం అడిగారు. ఇప్పుడు అక్కడి రేసు కార్లలో షోరూం కారు పేరుకే మిగిలింది. ముందున్న హెడ్‌లైట్లు కూడా నిజం లైట్లు కావు, లైట్ల బొమ్మలున్న స్టిక్కర్లు. ఇది చెబుతూ ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. నేను మాత్రం 'ఇది మంచి స్లైడు అవుతుంది' అనుకుంటూ రాసుకున్నాను.

షెడ్డు చివర టార్పాలిన్ కింద ఒక కారు ఉండేది. ఒకప్పుడు టాక్సీలుగా తిరిగిన రకం, గుండ్రటి దీపాలు. ఎవరో ఆసామి గుద్దేసి వదిలేస్తే, ఉస్తాద్, ఆయన స్నేహితుడు కలిసి బాగుచేసుకున్నారు. స్నేహితుడు బోర్డులు రాసే పెయింటరు. ఇద్దరూ ఆ కారును మద్రాసు దాకా నడుపుకుంటూ వెళ్లి, అక్కడ వాడకం ఆగిన ఒక విమానాల రన్‌వే మీద రేసుల్లో తిప్పేవారు. ఒక రేసు ఈయన, ఒక రేసు ఆయన. పెట్రోలు ఖర్చులకు స్నేహితుడు డబ్బున్నవాళ్ల కార్ల మీద టైర్ల కంపెనీల పేర్లు, నూనెల కంపెనీల పేర్లు రాసిపెట్టేవాడట. తమ కారు మీద మాత్రం ఏ కంపెనీ పేరూ రాయలేదు. డ్రైవరు వైపు తలుపు మీద, కిటికీ కింద, పసుపు అక్షరాలతో తన పేరు రాసుకున్నాడు. "నీది సుత రాస్తరా అన్నడు. నాకొద్దురా అన్న" అని చెప్పాడు ఉస్తాద్. ఆ స్నేహితుడు కామెర్లతో చనిపోయి చాలా ఏళ్లయింది. పసుపు రంగు కాస్త వెలిసింది గానీ, అక్షరాల ఒంపులు ఇంకా చూడముచ్చటగా ఉన్నాయి.

మా రేసు మొదలయ్యే ముందు ఆ కారు ట్రాక్ చుట్టూ ఒక చుట్టు తిరిగితే ఎంత బాగుంటుందో కదా అనిపించింది నాకు. అడిగాను. ఉస్తాద్ టార్పాలిన్ అంచు సరిచేశాడు.

"తెస్త. గని మావోని పేరు కనవడాలె. వదినను సుత పిలువాలె. గంతే."

"తప్పకుండా ఉస్తాద్ గారు. నా మాట" అన్నాను.

ఆ వదిన, అంటే స్నేహితుడి భార్య, మా హాస్టలుకు రెండు సందుల అవతలే చిన్న గదిలో ఉండేది. జాకెట్లు కుట్టేది. నేనే స్వయంగా వెళ్లి పిలిచాను. చేతిలో పని ఆపకుండా విన్నది. తర్వాత కళ్లద్దాలు తీసి, "పేరు కనవడ్తదా అమ్మా?" అని ఒక్కమాటే అడిగింది. కనపడుతుందన్నాను.

నా స్లైడ్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. బంజారా హిల్స్‌లో ఒక పైపుల కంపెనీ ఆఫీసులో ఉస్తాద్ మాటల్నే నా మాటలుగా చెప్పాను. సారా కథకు అందరూ నవ్వారు. పాత కారు ఫోటో చూడగానే వాళ్ల మేనేజరు ముందుకు వంగి, "ఆ కారు మొత్తం మాకే కావాలి" అన్నాడు.

రేసుకు ముందురోజు ఉస్తాద్ కారు తెచ్చి మా సెల్లారులో పెట్టి వెళ్లాడు. సార్ దిగి వచ్చి చూశారు.

"ఏంటమ్మా, డోరు మీద ఆ పేరేంటి?"

చెప్పాను.

"చనిపోయినాయన పేరు పక్కన వాళ్ల బ్రాండు పెట్టుకుంటారా? కప్పేయించు."

నేను ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడ్డం చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా ఆయన వినేవారు కాదు. కానీ నేను చెప్పలేదు. "అలాగే సార్" అన్నాను. స్టిక్కర్లు అతికించే అతను తలుపును గోటితో గీకి చూసి, "మేడం, పాత పెయింట్. రేపు తీస్తే దీంతోపాటు ఊడొస్తది" అన్నాడు.

"తీసే సంగతి తర్వాత చూద్దాం. ముందు అతికించండి" అన్నాను.

పెద్ద స్టిక్కరు, ఒక్కడి చేతికి లొంగలేదు. రెండో అంచు నేను పట్టుకున్నాను. గాలి బుడగలు రాకుండా అరచేత్తో నొక్కుతూ పోయాను. కాసేపు దాని కింద అక్షరాల ఎత్తు చేతికి తగిలింది, తర్వాత తగల్లేదు. ఆకుపచ్చ పైపు, దాని లోంచి దూకుతున్న నీళ్లు. బాగా కుదిరింది.

మర్నాడు విమానాశ్రయం అవతల ఉన్న ట్రాక్ దగ్గరికి ఉస్తాద్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కారు దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. తలుపు మీద చెయ్యి పెట్టాడు.

"గిదేంది బిడ్డా?"

"కింద అలాగే ఉంది ఉస్తాద్ గారు. రేసు అయిపోగానే తీసేద్దాం. ఏం కాదు."

"వదిన ఒచ్చి కూసున్నది. ఆమెకేం జెప్పాలె?"

ఫోను మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని అక్కణ్నించి వెళ్లిపోయాను.

ఆయన కారు తియ్యనంటాడేమోనని భయపడ్డాను. అప్పటికే వెనక పదిహేను కార్లు వరుసలో నిలబడి ఇంజన్లు రొద చేస్తున్నాయి. ఉస్తాద్ ఎక్కి కూర్చున్నాడు. ఆ వయసులో ఆ మలుపులు అంత నున్నగా తిప్పడం చూసి, పందెం డ్రైవర్లు కూడా చేతులెత్తి చప్పట్లు కొట్టారు. ఆ వదిన కూర్చున్న స్టాండు వైపు నేను చూడలేదు.

చుట్టు పూర్తయ్యాక పైపుల కంపెనీ వాళ్ల కుటుంబం ఫోటోలకు వచ్చింది. ఉస్తాద్ కారు దిగి పక్కన నిలబడ్డాడు. లోపల ఏదో సరిచేసినట్టున్నాడు, తెల్ల చొక్కా మీద నల్లటి మరక. మేనేజరు నన్ను అడిగాడు: "ఈయనెవరండీ?"

కారు ఓనరు అంటే ఇంకో ప్రశ్న వస్తుంది, రేసులు నడిపినాయన అంటే కథంతా వస్తుంది, ఆ పేరు వస్తుంది. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. కానీ అసలు సంగతి, ఆ మరకకు నాకు నామోషీ అనిపించింది. సిల్కు చీరల మధ్య, ఆయన నా తాలూకు మనిషిగా కనపడటం ఇష్టం లేకపోయింది.

"డ్రైవరండీ. కారు తెచ్చినాయన" అన్నాను.

"అలాగా. బాబూ, కారు కాస్త ఆ నీడలోకి తియ్యి, ఫోటోల్లో ఎండ కొడుతోంది" అన్నాడు మేనేజరు.

ఉస్తాద్ నా వంక చూశాడు. కోపంగా కాదు. కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూశాడు. "జీ సాబ్" అని ఎక్కి కారు నీడలోకి తీశాడు.

ఆ రేసు వల్ల నా హోదా పెరిగింది. ఫోటోలు పట్టుకెళ్లి ఉస్తాద్‌కు ఇవ్వాలనుకుంటూనే వారాలు గడిపాను. అమీర్‌పేట మెట్రోకు ఆ సందు మీదుగా పోతే దగ్గర, నేను మెయిన్ రోడ్డు మీద నుంచి చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. హాస్టలు కూడా మార్చేశాను. రెండో ఏడాది రేసు జరిగింది గానీ, ఆ తర్వాత పైపుల కంపెనీ రెండు లైన్ల మెయిల్ పంపి తప్పుకుంది. వాళ్లు లేకపోతే రేసు లేదు. కంచె, టికెట్లు, జనం, అన్నీ ఉన్నా స్టిక్కరు లేకపోతే చక్రం కదలదని నాకు అప్పుడు తెలిసింది. ఆ మెయిల్ వచ్చిన రోజున నేను ఉస్తాద్ షెడ్డుకు వెళ్లాను. రేసు పోయింది కాబట్టి ఇక ఆయన ముందు నిలబడొచ్చు అనుకున్నానేమో. అది కూడా గొప్ప ధైర్యమేమీ కాదు.

"తప్పు చేశానండీ" అన్నాను. "డ్రైవరని అన్నాను."

"డ్రైవర్నే గద. అవద్దమేమన్నవ్?"

"ఆ అర్థంలో అనలేదు నేను."

"నాకెరుకే బిడ్డా, నువ్వెట్లన్నవో." ఆయన చేతిలో పని ఆపలేదు. "నాదేముంది. వదిన దగ్గరికి పో."

టార్పాలిన్ తీసి చూపించాడు. స్టిక్కరుతో పాటు రంగంతా చర్మంలా లేచొచ్చింది. తలుపు మీద ఇనుము కనపడుతోంది. పసుపు ఒక మూల, గోరంత.

ఆ సాయంత్రమే మధురానగర్ వెళ్లాను. ఆమె కూర్చోమంది, చాయ పెట్టింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"పెండ్లయిన కాన్నుంచి ఆయన పేరు నేనెన్నడు నోటితోని అనలేదమ్మా" అంది. "మా తాన అనరు. గందుకే ఒక్కపారి అందరి ముంగట, గంత పెద్దగ ఉంటె చూద్దామని ఒచ్చిన. మైకుల సుత చెప్తరనుకున్న."

మంచి పెయింటరుతో మళ్లీ రాయిస్తానన్నాను.

"గది ఆయన చేతిరాత" అంది ఆమె. చాయ చల్లారుతోందని గుర్తుచేసింది.

ఆ తర్వాత చాలా కాలానికి ఒక పాత స్కూటరు కొనుక్కున్నాను. బాగుచేయించడానికి ఉస్తాద్ దగ్గరికే తీసుకెళతాను. శ్రద్ధగా చేస్తాడు. క్లచ్ గురించి, ప్లగ్గు గురించి మాట్లాడతాడు. ఈ మధ్య ఒకరోజు, ఆయన కాస్త ఉల్లాసంగా ఉన్నట్టు అనిపించి, ఆ రన్‌వే మీద మీ మొదటి రేసు ఎలా జరిగింది ఉస్తాద్ గారు, ఎప్పుడూ చెప్పలేదు మీరు అని అడిగాను.

నట్టు బిగించి, రెంచి కింద పెట్టాడు.

"యాదికి లేదు బిడ్డా" అన్నాడు.