ఎడమ చేతి వైపు నందివర్ధనం

నాకు కుడి ఎడమలు చటుక్కున తట్టవు. ఇప్పటికీ ఆటో అతను ఎటు తిప్పమంటారని అడిగితే, అన్నం కలిపే చెయ్యి ఏదో మనసులో ఒకసారి ఆడించి చూసుకుని, దానికి అవతలిది ఎడమ అని తేల్చుకుంటాను. ఈలోగా మలుపు దాటిపోతుంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదనీ, మేము ప్లాంటు టౌన్‌షిప్‌లో సెక్టర్ 2 నుంచి సెక్టర్ 7కి మారిన ఏడాది పట్టుకుందనీ నేనంటాను. అమ్మ ఒప్పుకోదు. అంతకుముందు కూడా నువ్వంతే అంటుంది.

అవి తొంభైల మొదటి రోజులు. నేను కాలేజీలో చేరిన కొత్త. నాన్న ప్లాంటులో రిగ్గరు. అంటే బరువైన యంత్రాలకి గొలుసులూ తాళ్లూ కట్టి, ఒకచోట లేపి మరోచోట దించే పని. మామ్మకి, అంటే నాన్న వాళ్లమ్మకి, ఆసుపత్రి చుట్టూ తిరగడం ఎక్కువైంది. సెక్టర్ 7 అయితే దగ్గరని నాన్న క్వార్టర్ మార్పించుకున్నాడు. అదే రకం క్వార్టరు, అవే రెండు గదులు, అదే కొలత వంటిల్లు. మామ్మకి కొత్త ఇంట్లో ఉన్నట్టే ఉండదని మేమంతా సంబరపడ్డాం.

అక్కడే దెబ్బ తిన్నాం. మా టౌన్‌షిప్‌లో ఇళ్లు జంటగా ఉంటాయి, ఒక గోడకి అటొకటి, ఇటొకటి. ఒక ఇంట్లో వంటిల్లు కుడి పక్కనుంటే రెండో ఇంట్లో ఎడమ పక్కన. సెక్టర్ 2లో మాది జంటలో ఒక పక్కది. ఇక్కడ దొరికింది రెండో పక్కది. అంటే అదే ఇల్లు, అద్దంలో చూస్తున్నట్టు. మొదటి ఉదయమే స్నానాలగది అనుకుని సామాన్ల గదిలోకి దూరి నుదురు కొట్టుకున్నాను. నాన్న నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, బూట్లు విప్పుకుందామని తిన్నగా వంటింట్లోకెళ్లి అమ్మ చేత చీవాట్లు తిన్నాడు. స్విచ్చు కోసం ముగ్గురం ఉత్త గోడల్ని తడిమేవాళ్లం. తెలియని ఇల్లయితే నేర్చుకుంటాం. తెలిసిన ఇల్లే తిరగబడితే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

మాకే అలా ఉంటే మామ్మ సంగతి చెప్పక్కర్లేదు. తాతయ్య పోయాక శ్రీకాకుళం వైపు ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేసినప్పుడు, రైల్లో తడిగుడ్డ చుట్టి ముద్దనందివర్ధనం కొమ్మ ఒకటి తెచ్చుకుంది. సెక్టర్ 2 ఇంట్లో, గుమ్మం దిగగానే ఎడమ చేతి వైపు నాటింది. అది నాకంటే పొడుగైంది. రోజూ పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని గుమ్మం దిగడం, ఎడమకి తిరగడం, పూలు కోసి దేవుడికి పెట్టడం. అప్పటికే మామ్మకి మతిమరుపు మొదలైంది. మనుషుల పేర్లు జారిపోతున్నాయి. ఆ ఎడమ మలుపు మాత్రం జారలేదు.

కొత్త ఇంట్లోనూ సజ్జ పట్టుకుని గుమ్మం దిగింది. ఎడమకి తిరిగింది. ఇక్కడ ఎడమకి తిరిగితే మా జంట ఇంటి ముంగిలి, మధ్యలో మోకాలెత్తు గోరింట కంచె, దానికో సందు. ఆ ఇల్లు అచ్చం మా పాత ఇంటిలాగే ఉంటుంది కదా. మేమంతా గోడలకి గుద్దుకుంటుంటే మామ్మ ఎక్కడా తడబడకుండా ఆ ఇంటి వంటింట్లోకి నడిచి వెళ్లి, రొట్టెలు వత్తుకుంటున్న ఇల్లాలిని మా ఇంట్లో నీకేం పనని అడిగిందట. ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి, మేమంతా దీదీ అనేవాళ్లం. తెలుగు ముక్క రాదు. ఎవరో పెద్దావిడ అలిసిపోయి వచ్చిందనుకుని పీట వేసి టీ ఇచ్చింది. నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి మామ్మ దర్జాగా గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఈ అమ్మి మంచిదే గానీ ఎవులో తెలీదే గుంటా. తినీసి ఎల్లమను," అంది నాతో.

నవ్వొచ్చింది నాకు. మర్నాడు కూడా అలాగే వెళ్లింది, ఆ మర్నాడు కూడా. సాయంత్రం దీపాల వేళకి చీరలు మూట కట్టుకుని నాన్న దగ్గరికొచ్చి, మనింటికెళ్లిపోదాం రా బావూ అని బతిమాలేది. ఇదే మనిల్లమ్మా అంటే కాదనేది. నాన్న లేచి బయటికెళ్లి సైకిలు తుడిచేవాడు. తుడిచిందే తుడిచేవాడు. ఇక నవ్వు పోయి భయమేసింది నాకు. ఇల్లు మనది కాదనుకున్న మనిషికి, ఇంట్లో వాళ్లు మాత్రం ఎన్నాళ్లు తనవాళ్లు?

ఒక సాయంత్రం మూట పక్కన పెట్టి, "ఇది మనిల్లయితే సెట్టేదిరా?" అని అడిగింది మామ్మ.

నాన్న ఆ మాట పట్టుకున్నాడు. పాత ఇంటి నుంచి నందివర్ధనాన్ని తీసుకొస్తానన్నాడు. అమ్మ వద్దంది. ముదురు చెట్టు, పీకితే బతకదు, అక్కడుంటే ఉందని చెప్పుకోవడానికైనా ఉంటుంది, చచ్చిపోతే ఆవిడకి ఏం చూపిస్తావంది. నాన్న వినలేదు. పాత ఇంట్లోకి వచ్చినవాళ్లు నిక్షేపంగా తీసుకెళ్లమన్నారు.

పని మాత్రం పద్ధతిగా చేశాడు. వేసవి చివర్లోనే వెళ్లి చెట్టు చుట్టూ సగం దూరం కందకం తవ్వి, అటు వేళ్లు కోసి, మళ్లీ మట్టి కప్పి నీళ్లు పోసి వచ్చాడు. కోసిన చోట పిల్లవేళ్లు పుట్టాలట. వానలు పడి నేల బాగా నానాక రెండో సగం. కొమ్మలు సగానికి నరికితే తెల్లగా పాలు కారాయి, అమ్మ మొహం తిప్పుకుంది. తూర్పు వైపున్న కొమ్మకి నాన్న ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. ప్లాంటులో యంత్రాన్ని విప్పేముందు ఏ ముఖం ఎటుందో సుద్దతో గుర్తు పెడతారట, కొత్తచోట అలాగే కూర్చోబెట్టడానికి. గుమ్మం నుంచి మొదలు దాకా తాడు పట్టి, దానికో ముడి కూడా వేశాడు. వేళ్ల ముద్దకి తడి గోనెలు చుట్టి, కింద నుంచి తాళ్లు వేసి, నాన్న గ్యాంగువాళ్లు లేపారు. ఇంత బరువుకి మేమెందుకురా అని వాళ్లు నవ్వుతుంటే, నాన్న మాత్రం నవ్వకుండా మెల్లగా, మెల్లగా అంటూనే ఉన్నాడు. సామాన్ల రిక్షా వెనక మొదలు పట్టుకుని వానలో తడుస్తూ నడిచాను నేను.

తీరా ఇంటికొచ్చాక తలప్రాణం తోకకొచ్చింది. ఎర్రగుడ్డ ఉంది, తూర్పు తెలుసు. ముడి ఉంది, దూరం తెలుసు. గుమ్మం మీద నిలబడి నాన్న తాడు పట్టుకుని ఎడమకి తిరిగాడు. అటు దీదీ వాళ్ల ముంగిలి. మా ఖాళీ స్థలమంతా కుడివైపు. నాన్న ఎడమకి చూస్తాడు, కుడికి చూస్తాడు, తాడు వంక చూస్తాడు. గ్యాంగువాళ్లు తలో మాటా చెప్పారు. దీదీ బయటికొచ్చి సంగతి తెలుసుకుని, మా వైపే నాటుకోండి దాందేముంది అని హిందీలో అనేసింది.

అప్పుడు అమ్మ నాన్న పక్కకొచ్చి మెల్లగా, "అక్కడ పాతితే అత్త అక్కడే ఉండిపోద్ది. సెట్టూ ఆలదే, అత్తా ఆలదే," అంది.

నాన్న తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. తర్వాత మా ఇంటి కుడివైపునే, ఇంటి పక్క ఖాళీ స్థలం మధ్యలో, గొయ్యి తీయించాడు. అడుగున మాగిన పెంట, పైన మెత్తటి మట్టి. ఎర్రగుడ్డ తూర్పుకి తిప్పి చెట్టుని దించారు.

ఆకులన్నీ రాలిపోయాయి. ఒక్కటీ మిగలకుండా రాలిపోయి, కట్టెల మోపు గుచ్చినట్టు నిలబడింది. ఎండ కాసినప్పుడు నాన్న గోనెపట్టా కప్పేవాడు, మబ్బేస్తే తీసేవాడు. నేను అనుమానం కొద్దీ నీళ్లు పోసేస్తుంటే అమ్మ చేతి మీద ఒకటి వేసింది, వేళ్లు కుళ్లిపోతాయని. రోజూ గోరుతో బెరడు గీకి చూసేవాళ్లం. కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే. బతికున్న దాన్ని రోజూ గీకుతున్నామే, అది తప్పో ఒప్పో తెలియదు. చివరికి ఎర్రగుడ్డ కట్టిన కొమ్మకే మొదటి చిగురు పొడిచింది. దసరా దాటాక మొగ్గలొచ్చాయి. తెల్లటి ముద్దపూలు విచ్చుకున్న ఉదయం, పోగొట్టుకున్న నగ దొరికినంత సంతోషమేసింది మా ముగ్గురికీ.

మామ్మని చెయ్యి పట్టుకుని గుమ్మం దింపి కుడికి తిప్పి తీసుకెళ్లాం. చెట్టు ముందు నిలబడింది. ఆకు నిమిరింది.

"బాగుందే. ఎవులిదీ సెట్టు?"

మనదే మామ్మా అన్నాను. మన సెట్టు ఇటేపుండదని చెప్పి, చెయ్యి విడిపించుకుని, ఎడమకి తిరిగి దీదీ వాళ్లింటికి వెళ్లిపోయింది.

నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. అంత పెద్ద చెట్టు తెలియని మట్టిలో వేళ్లూనుకుంది, పూసింది, చేసిన పనిలో వంక లేదు. పని మాత్రం కాలేదు. తర్వాత కొన్నాళ్లు రోజూ పొద్దున్నే మామ్మకి కుడికి తిరగడం నేర్పబోయాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని అమ్మ విసుక్కుంది. నేర్పే మనిషికే ఈ ఇంట్లో కుడీ ఎడమా తెలిసి చావదు, ఆవిడకి నేర్పుతాడట అంది.

ఆ అమ్మకే తట్టింది. దొడ్డిగుమ్మంలో గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపి, చెట్టు వంక చూసి, నన్ను కేకేసింది. దొడ్డిగుమ్మంలో బయటికి తిరిగి నిలబడమంది. చెట్టెటుందో చెప్పమంది. అన్నం కలిపే చెయ్యి ఆడించి చూసుకున్నాను. ఎడమ. వీధిగుమ్మానికి పరిగెత్తాను. కుడి. మళ్లీ దొడ్డికి. ఎడమ. ఒకే చెట్టు కుడీ ఎడమా రెండూ ఎలా అవుతుందని అమ్మతో వాదించాను. నీకర్థం కాకపోతే పోయింది గానీ మామిడాకులు తెమ్మంది.

మర్నాడు నేను లేచేసరికి దొడ్డిగుమ్మం గడపకి పసుపు రాసి బొట్లు పెట్టి ఉంది. పైన మామిడి తోరణం, కింద ముగ్గు, పక్కన మా అందరి చెప్పులు. వీధి తలుపు గడియ వేసి, దానికడ్డంగా ట్రంకుపెట్టె జరిపేసింది అమ్మ. మామ్మ మంచం తిప్పి వేసింది, కళ్లు తెరవగానే పసుపు గడప కనపడేటట్టు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మాకదే సింహద్వారం. వచ్చిన చుట్టాలు వీధి తలుపు కొట్టీ కొట్టీ, ఎవరూ లేరనుకుని వెనక్కి పోబోయేవారు. నాన్న ఆ రోజు నైట్ షిఫ్ట్ దిగి ఇల్లంతా చుట్టి వచ్చి, ముగ్గు చూసి, అమ్మ మొహం చూసి, బూట్లు అక్కడే విప్పాడు.

మామ్మ లేచింది. మొహం కడుక్కుని సజ్జ తీసుకుంది. గడపకి వంగి, వేళ్లకంటిన పసుపు కళ్లకద్దుకుని బయటికి దిగింది. మేం ముగ్గురం దొంగల్లా గోడకి అతుక్కుపోయి నిలబడ్డాం. ఎడమకి తిరిగింది. చెట్టు దగ్గరికి నడిచి, కొమ్మ వంచి, ఒక్కో పువ్వూ కోసి సజ్జలో వేసుకుంది. సజ్జ నిండాక ఇటు తిరిగి మమ్మల్ని చూసింది. చాలా కాలం తర్వాత చూస్తున్నట్టు, ఒకరి తర్వాత ఒకరిని.

"ఇన్నాళ్లూ ఎక్కడికెల్లిపోనార్రా మీరంతా?" అంది.

నేను చెప్పబోయాను, ఇల్లు మారాం మామ్మా, ఇది దొడ్డిగుమ్మం, అని. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"దారి తప్పీసినామమ్మా," అన్నాడు నాన్న.

"ఇంత సెట్టు ఆనవాలుండగా దారెలాగ తప్పుతార్రా," అని సజ్జ నాన్న చేతికిచ్చి, మామ్మ ముందుగా ఇంట్లోకి నడిచింది.