కింది అరలోని స్థానిక చరిత్ర

ఒకప్పుడు మా కేజీఎఫ్‌లో గనులు మూతపడే కొద్దీ కాలేజీలు తెరుచుకునేవి. బట్టల కొట్టు మేడ మీద ఒకటి, కల్యాణ మంటపం వెనక ఇంకొకటి. మొత్తం ఎన్నో నేను లెక్కపెట్టలేదు (అబద్ధం, ఏడు). భూమిలో బంగారం అయిపోయినా గనివాళ్ల పిల్లల దగ్గర ఫీజు దొరుకుతుందని అందరికంటే ముందు కనిపెట్టినవాడు ధాన్యం వ్యాపారం చేసే మా షావుకారు. బూదికోట దగ్గర పట్టుగూళ్లు పండించే ఇంటి నుంచి వచ్చిన నేను, పీయూసీ పాసై, ఆయన కాలేజీ లైబ్రరీలో అటెండరుగా చేరాను. బీయస్సీలో గణితం చదవాలని నాకు పిచ్చి. చదివించే స్తోమత మా నాయనకు లేదు. ఆ సంగతి తెలిసే, బీయస్సీ అనుమతి కోసం జరిగే యూనివర్సిటీ తనిఖీకి నెల రోజుల ముందు షావుకారు నన్ను పిలిచాడు.

"ఐదు వేల బుక్కులు ఉండాలంటప్పా. మనకాడ ఎన్ని ఉండాయి?"

"పన్నెండొందలు సార్. అందులో మూడొందల పదకొండు గైడ్లు."

"గైడ్లు బుక్కులు కావా ఏమి? ఈ ఇన్‌స్పెక్షన్ దాటించు. ఫీజు లేకుండా బీయస్సీ సీటు నీకే."

"తక్కినవి యాడ నుంచి తెచ్చేది సార్?"

"ఇంగ నిన్ను పెట్టుకునింది దేనికప్పా?"

పాత కాగితాల కొట్టు నుంచి గనుల షిఫ్టు రిజిస్టర్లు లారీలో దిగాయి. ఏ రోజు ఎవరెవరు గనిలోకి దిగారో రాసిన పుస్తకాలవి. మూడు వేల ఎనిమిది వందలు ఏరి, ఒక్కోదానికి ఖాకీ అట్ట వేసి, వీపు మీద ఫిజిక్సు, కెమిస్ట్రీ అని రాశాను. ఏ సబ్జెక్టుకు ఎన్ని ఉండాలో నిష్పత్తి కూడా చూసుకున్నాను (సిగ్గుపడాల్సిన చోట గర్వపడ్డాను). అసలు పుస్తకాలు పై అరల్లో, నావి కింది అరల్లో. సీటు దాదాపు చేతికొచ్చినట్టే.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. మామిడిపండ్ల బుట్టలు కారెక్కిన తరువాత గానీ వాళ్లకు లైబ్రరీ గుర్తుకు రాలేదు. వాళ్లలో ముళబాగిలు వైపు పెద్దాయన ఒకరు నన్ను చూసి, "ఐదు వేలని ఎట్ల చెప్తావప్పా? ఎంచినావా, ఊరికే రాసినావా?" అన్నాడు.

నా లెక్కను అనుమానిస్తే నాకు ఒళ్లు తెలియదు. మా పట్టుగూళ్ల మార్కెట్టులో తట్ట పైన కనిపించే గూళ్లను ఎవరూ నమ్మరు, పైన అందరూ మంచివే పేరుస్తారు కాబట్టి. అడుగు నుంచి ఒక పిడికెడు తీసి చూపించేవాడే మర్యాదస్తుడు. నడక నేర్చినప్పటి నుంచీ చూసిన పద్ధతి. "ఎంచినాను సార్, మీరే చూడండి" అంటూ అన్నిటికంటే కింది అరలోకి చెయ్యి పెట్టి ఒకటి లాగాను. అట్ట చిరిగి నా చేతిలోనే మిగిలింది. ఫిజిక్సు ఆయన చేతిలో తెరుచుకుంది.

పెద్దాయన రెండు పేజీలు తిప్పాడు. పేర్లు, వాటి పక్కన వేలిముద్రలు. "ఇది ఏం సబ్జెక్టు?"

చిరిగిన అట్టను నేను వీపు వెనక్కి దాచాను. షావుకారు మాత్రం రెప్ప కూడా వేయలేదు. "లోకల్ హిస్టరీ సార్. మన పిల్లోళ్లకు తెలియాల కదా."

ముగ్గురూ తలలు ఊపారు. భోజనానికి వేళైంది. నివేదికలో 'స్థానిక చరిత్రపై విశేషమైన సేకరణ ఉంది' అని మెచ్చుకుని, బీయస్సీతో పాటు ఎవరూ అడగని బీఏ చరిత్రకు కూడా అనుమతి రాశారు.

సాయంత్రం నా సీటు సంగతి అడిగాను. "నీకా? అడుగు నుంచి తీసేవాడిని క్లాసులో కూర్చోబెడితే ఇంగ కాలేజీ నిలుస్తాదా అప్పా?" అన్నాడు షావుకారు, ప్రేమగానే.

గణితం నేను ఆ పై అరల్లోని పుస్తకాలతోనే నేర్చుకున్నాను, గైడ్లతో సహా. డిగ్రీ లేదు. ఇప్పుడు అదే కాలేజీలో ఎం.కాం. చదివే పిల్లలు శాతాలు నేర్చుకోవడానికి మా ఇంటికి వస్తారు. మొన్న ఒక అమ్మాయి తెచ్చిన కాలేజీ ప్రచార పుస్తకంలో, లైబ్రరీ రంగుల ఫోటో కింద, 'స్థానిక చరిత్ర విభాగం: 3,800 సంపుటాలు' అని ఉంది. కింది అరలోకి చెయ్యి పెట్టిన ఆ తిక్క కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ అంకె తప్పు. 3,799 అని ఉండాలి. అట్ట చిరిగినది మా ఇంట్లో ఉంది.