ఎక్కడికీ వెళ్ళని శనివారం

మా పెద్దత్త పోయిందన్న కబురు మాకు రైల్లో అందింది. బెల్జియంలో వసంతం మొదలైన రోజులు. శనివారం పొద్దున్న, కొండ కింద నది ఒడ్డునుండే ఒక చిన్న ఊరికి వెళ్తున్నాం. మా పాప కిటికీ అద్దానికి ముక్కు ఆనించి పొలాల్లో ఆవుల్ని చూస్తోంది. మా ఆయన ఫోన్ మోగింది. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో ఉండే మా బావగారు, అంటే పెద్దత్త కొడుకు.

"అమ్మ పోనాదిరా. పొద్దున్న లెగలేదు. నిద్దట్లోనే పోనాది" అన్నారు.

మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, "పెద్దమ్మ" అన్నాడు. అంతే అన్నాడు. వచ్చే స్టేషన్లో దిగిపోయి, వెనక్కి వెళ్ళే రైలు కోసం అవతలి ప్లాట్‌ఫారంలో బెంచీ మీద కూర్చున్నాం. పాప ఎందుకు దిగామని అడిగింది. మామ్మ చనిపోయిందని చెప్పాం. ఏ మామ్మో దానికి తెలుసు. ప్రతి ఆదివారం ఫోన్లో దాని పళ్ళు లెక్కపెట్టే మామ్మ.

పెద్దత్త అంటే మా అత్తగారికి అక్క. నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తగారు లేరు. మా ఆయన చిన్నప్పుడే పోయారు. మామగారిది కొత్తవలసలో రైల్వే ఉద్యోగం, వేళాపాళా లేని డ్యూటీలు. పసివాణ్ణి ఒంటరిగా పెంచలేక సతమతమవుతుంటే, పెద్దత్త వచ్చి పిల్లవాడి బట్టలు ఒక సంచిలో సర్దుకుని చెయ్యిపట్టుకుని తనతో తీసుకెళ్ళిపోయిందట. మా పెళ్ళిలో తల్లి స్థానంలో పీటల మీద కూర్చున్నది ఆవిడే. పెళ్ళయ్యాక నన్ను పక్కకి పిలిచి ఒకే మాట చెప్పింది: "ఈడు కోపమొస్తే అరవడు. మాటాడ్డం మానేస్తాడు. అది కనిపెట్టుకో." అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను.

పెళ్ళయిన కొత్తలోనే మేం బెల్జియం వచ్చేశాం. వచ్చిన మొదటి రెండేళ్ళూ మాకు వారాంతాలంటే పండగ. శుక్రవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రావడమే ఆలస్యం, వీపు సంచులు తగిలించుకుని స్టేషన్‌కి పరిగెత్తేవాళ్ళం. ఆ దేశం ఎంత చిన్నదంటే, ఏ రైలెక్కినా మధ్యాహ్నం భోజనం వేళకి ఇంకో దేశంలో ఉంటాం. కొలోన్‌లో గోపురాలు, ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవలు, లగ్జెంబర్గ్‌లో కోట గోడలు. హాస్టల్ గదుల్లో ఇద్దరికీ చాలని మంచాలు. నేను విజయనగరం దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళినదాన్ని కాదు. రైలు సరిహద్దు దాటుతుంటే గేటూ బోర్డూ ఏమీ కనబడవేమిటని ఆయన్ని ప్రతిసారీ అడిగేదాన్ని. ఆయన ప్రతిసారీ నవ్వేవాడు.

తర్వాత 2014 వసంతంలో, ఆరో నెలలో, మా బిడ్డ కడుపులోనే పోయింది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతి శుక్రవారమే ఆయన రైలు టిక్కెట్లు తీశాడు. "కాస్త గాలి మారుతుంది" అన్నాడు. వెళ్ళాం. ఆ తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాం. సోమవారం రాత్రి అన్నం తినగానే లాప్‌టాప్ తెరిచి వచ్చే వారం ఎక్కడికో చూసుకునేవాడు. నేనూ వద్దనేదాన్ని కాదు. ఇంట్లో ఉండడం నాకూ కష్టంగానే ఉండేది. కానీ రైల్లో ఇద్దరం చెరో కిటికీ చూసేవాళ్ళం. ఫోటోల్లో మాత్రం పక్కపక్కన నవ్వుతూ నిలబడేవాళ్ళం. ఊళ్ళో అందరూ ఆ ఫోటోలు చూసి "పిల్లలు తేరుకున్నారు" అనుకున్నారట.

పెద్దత్త మాత్రం అనుకోలేదు. మా అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ జరిగి మంచం మీద ఉంది, రాలేదు. ఒకరోజు పెద్దత్త ఫోన్ చేసి, "నానొస్తన్నాను. టిక్కెట్టు తియ్యి" అంది మా ఆయనతో. పాస్‌పోర్టు ముందే ఉంది. పెళ్ళయిన ఏడాది సరదాగా రమ్మని చేయించాం, అప్పుడు కోతలున్నాయని రాలేదు.

ఎయిర్‌పోర్టులో నేత చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని, నైలాన్ తాడు కట్టిన అట్టపెట్టె తోసుకుంటూ వచ్చింది. అది ఆవిడ భర్త, మా పెద్దమావయ్య స్వెట్టరు. పెట్టెలో చోడిపిండి (రాగిపిండే), వడియాలు, ఎన్ని కవర్లలో చుట్టినా వాసన ఆగని ఎండు మెత్తళ్ళ చేపలు. నన్ను దగ్గరికి తీసుకుంది. నా జడ ముందుకు లాగి చూసి, "నూనెట్టలేదేటే ఎవరూ" అంది.

వచ్చిన వారానికే ఆవిణ్ణి కూడా రైలెక్కించాం. అవి నిజంగా మంచి ప్రయాణాలు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మూడు నాలుగు వారాలూ ఎంత నవ్వామో అనిపిస్తుంది, ఇంట్లో మాట్లాడుకోకపోయినా. మేం గోపురాలు చూపిస్తే ఆవిడ పొలాలు చూసేది. "ఇదేటి పంటరా? దుంపలా? ఇంత నేలా దుంపలే ఏస్తే అన్నమెక్కణ్ణించొస్తాది ఈళ్ళకి?" అనేది. ఎక్కడికెళ్ళినా స్టీలు గిన్నెలో పులిహోర ఉండాల్సిందే. పారిస్‌లో ఆ పెద్ద టవర్ కింద పచ్చికలో కాళ్ళు చాపుకుని పులిహోర తింటూ, టవర్ కేసి ఒక్కసారి చూసి, తర్వాత చుట్టూ ఉన్న మనుషుల్నే చూస్తూ కూర్చుంది. "అందరూ మెడలు నొప్పెట్టేలా పైకే సూస్తన్నారు. పక్కనున్నోళ్ళని ఎవులూ సూడ్డం లేదు" అంది.

బ్రూజ్‌లో కాలవ గట్టు మీద ఒక ముసలాయన కుక్కతో కూర్చున్నాడు. మేం పడవ టిక్కెట్లు కొనుక్కుని వచ్చేసరికి పెద్దత్త ఆయన పక్కన చేరి "దీని పేరేటి బాబూ?" అని అడుగుతోంది. ఆయన తన భాషలో ఏదో చెప్పాడు. "మాకాడా ఉండీది ఇలాంటిదే. గేదె తన్నీసింది దాన్ని" అని ఈవిడ చెప్పింది. ఆయన చాలాసేపు తల ఊపాడు. అరగంట అలా ఇద్దరూ కష్టసుఖాలు చెప్పుకున్నారు. లేచి వచ్చాక, "భార్య లేదనుకుంటాను పాపం" అంది. ఎలా తెలుసని అడిగితే, "సొక్కా గుండీలు తప్పుగా ఎట్టుకున్నాడు" అంది.

ఆవిడ అన్నీ చూస్తోందని మాకు అప్పటికైనా తెలియాల్సింది.

ఒక శుక్రవారం సాయంత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. మా ఆయన వచ్చి, "పెద్దమ్మా, రేపు పొద్దున్నే బయలుదేరాలి. ఆమ్‌స్టర్‌డామ్" అన్నాడు.

"నాను రాను."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాది. రేపు ఇంటికాడుంటాను. మీరూ ఉండండి."

"టిక్కెట్లు తీసేశాను పెద్దమ్మా."

"తీస్తే తీసినావు" అని బెండకాయలు తరుక్కుంటూ పోయింది.

మర్నాడు వాన. ముగ్గురం చోడి అంబలి తాగాం. ఆయన టీవీ పెట్టాడు, కట్టేశాడు, మళ్ళీ పెట్టాడు. మాది రెండు పడగ్గదుల ఇల్లు. అయినా పెద్దత్త వచ్చిన రోజు నుంచీ హాల్లో సోఫా మీదే పడుకుంటోంది. రెండో గదిలోకి వెళ్ళమని మేం అనలేదు, ఆవిడా అడగలేదు. ఆ పొద్దున్న చీపురు పట్టుకుని ఆ గది తలుపు తీసింది. కిటికీ తెరిచింది. విప్పని ఉయ్యాల తొట్టె అట్టపెట్టె, దాని మీద మా అమ్మ అల్లి పంపిన టోపీలు. వాటిని కదపకుండా చుట్టూ ఊడ్చి, నేల మీద కూర్చుంది.

"రండి ఇలాగ. కూకోండి" అంది.

నేను వెళ్ళి కూర్చున్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇప్పుడెందుకు పెద్దమ్మా ఇవన్నీ" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగి నన్నడిగింది: "పేరెట్టుకున్నారేటే?"

"లేదత్తయ్యా. చిట్టీ అని పిలిచేవాళ్ళం."

"అయితే సిట్టే. సిట్టి గురించి సెప్పు."

నేను ఒక టోపీ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది. మా బావగారికన్నా ముందు తనకో ఆడపిల్ల పుట్టిందట. పాకడం మొదలెట్టి, గోడ పట్టుకుని నిలబడే వేళకి జ్వరమొచ్చి పోయిందట. ఆవిడ ఒళ్ళో పెరిగిన మా ఆయనకి కూడా ఈ సంగతి అప్పటిదాకా తెలియదు.

"మీ పెదనాన్న మంచోడేరా. నాను ఏడుస్తానని బయ్యం. ప్రతి ఆదివారం సైకిలు ఎనకాల ఎక్కించుకుని భావనపాడు సముద్రానికి తీసికెళ్ళీవోడు. ఇసకలో కూకోబెట్టి, పకోడీలు కొనీవోడు. మళ్ళీ ఎక్కించుకుని తెచ్చీసీవోడు. ఊరంతా ఏటనుకున్నాది, పెళ్ళాన్ని పువ్వుల్లో ఎట్టి సూసుకుంటన్నాడని. నిజమే, సూసుకున్నాడు. కానీ ఒక్కనాడు దాని పేరెత్తలేదు. నానెత్తితే లేసి నీళ్ళకాడికి ఎల్లిపోయీవోడు. ఇప్పటికీ ఎత్తడు."

వాన జల్లు లోపలికి పడుతుంటే లేచి, కిటికీ రెక్క దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"దాని మొకం నాకిప్పుడు సగం మరుపొచ్చేసినాది. ఆడికాడ సగం ఉంటాది కదా. సెప్పుకునుంటే ఇద్దరికాడిదీ కలిపి ఒక మొకమయ్యీది."

ఆయన గుమ్మంలోంచి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేలవైపు చూస్తూ, "దానికి ఎక్కిళ్ళు వచ్చేవి పెద్దమ్మా" అన్నాడు. "నా చెయ్యి తీసుకుని పెట్టించేది తను. గడియారంలా కొట్టుకునేది. నేను మంచినీళ్ళు తాగు, తగ్గిపోతుందనేవాణ్ణి."

నిజమే, అనేవాడు. నేను గ్లాసుడు నీళ్ళూ తాగేదాన్ని కూడా. ఆయనకది గుర్తుందని నాకు తెలియదు. నేను ఏడ్చాను, ఆయనా ఏడ్చాడు. పెద్దత్త ఏడవలేదు. మధ్యాహ్నం దాటే వరకూ మేం చిట్టి గురించి చెప్పుకుంటూనే ఉన్నాం. మధ్యలో ఆవిడ లేచి వెళ్ళి అన్నం వండి, మెత్తళ్ళూ వంకాయా కూర చేసి, కంచాలు ఆ గదిలోకే తెచ్చింది. ఆ రోజు నుంచి ఆ గదిలోనే పడుకుంది.

తర్వాతి వారం మేం ఆస్టెండ్ సముద్రానికి వెళ్ళాం. ఈసారి వెళ్దామని అడిగింది ఆవిడే. "ఎల్లొద్దని నానెప్పుడన్నాను? ఇంటికాడ ఉండలేక ఎల్లడం ఒకటి, ఎల్లాలనిపించి ఎల్లడం ఇంకోటి" అంది. గాలి విపరీతంగా ఉంది. ఆవిడ స్వెట్టరు చేతులు మడిచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. చలికి "ఓలమ్మో" అని వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది. నీళ్ళు నాలిక మీద వేసుకుని చూసి, ఉప్పు మనకన్నా తక్కువని తీర్పు చెప్పింది. సాయంత్రం రైల్లో ఆవిడ కునికిపాట్లు పడుతుంటే, మేమిద్దరం ఒకే కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడుకుంటూ మా స్టేషన్ దాటేశాం.

వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో, "ఎల్లి మా ముసిలోడితో మాటాడాల" అంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత సంగతులు బావగారు ఫోన్లో చెప్పేవారు. "మా అమ్మకి ఏటయ్యిందోరా. రోజూ సాయంత్రం అరుగు మీద నాన్న పక్కన కూకుంటాది. ఏటేటో అడుగుతాది. నాన్న లేసి కళ్ళంకాడికి ఎల్లిపోతాడు. అమ్మా ఎనకాలే ఎల్తాది." ఆ ఏడాది కోతలు కూడా అయిపోయాక ఒకరోజు పెద్దత్తే నాకు ఫోన్ చేసింది.

"సెప్పినాడే" అంది.

"ఏం చెప్పారత్తయ్యా?"

"నవ్వితే దానికి బుగ్గ మీద సొట్ట పడీదంట. ఎడం పక్క. నాను ఇన్నేళ్ళూ కుడిపక్క అనుకుంటన్నాను." ముక్కు చీదుకుంది. "ఇంకా సాలా సెప్పినాడు. ఆడికి అన్నీ గుర్తున్నాయే."

మా పాప పుట్టినప్పుడు ఆవిడ రాలేకపోయింది. గుండె బలహీనమైంది, డాక్టరు విమానం వద్దన్నాడు. ఫోన్లోనే నీళ్ళు పోయడం నేర్పింది, పసుపు ఎంతో చెప్పింది. "ఇది రెండోదని సెప్పండి దానికి, పెద్దయ్యాక" అంది. చెప్పాం. పాపకి తెలుసు, తనకో చిట్టక్క ఉండేదని.

ఆ శనివారం కబురు విని బయలుదేరిన మేం పల్లెకి చేరేసరికి దహనం అయిపోయింది. పన్నెండో రోజు దాకా ఉన్నాం. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళతో ఇల్లంతా సందడిగానే ఉంది. పెద్దమావయ్య ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా పెరట్లో నీడన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన్ని అలా వదిలేయడమే మర్యాద అని నేనూ దూరంగానే ఉన్నాను. పన్నెండో రోజు భోజనాలయ్యాక విస్తళ్ళు ఎత్తుతుంటే, ఆయనే పిలిచారు.

"అమ్మా, అవి ఆళ్ళు తీస్తారు. నువ్విలా రా. మీ అత్త ఆ దేశంలో మీతో తిరిగినప్పుడు ఏటేటి సేసిందో సెప్పు."

"ఆవిడ చెప్పలేదా మావయ్యా?"

"సెప్పినాది. అన్నీ సెప్పినాది. నువ్వూ సెప్పు. నీకాడివి యేరే ఉంటాయి కదా."

నేను చేతులు కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. బ్రూజ్‌లో కుక్కతో ఉన్న ముసలాయన దగ్గర మొదలుపెట్టాను. చొక్కా గుండీల దగ్గరకొచ్చేసరికి మావయ్య ఒక్కసారి నవ్వి, తన చొక్కా చూసుకున్నారు. మంచం మీద నిద్రపోతున్న మా పాప పక్కకి తిరిగింది. మావయ్య కుర్చీ నా వైపు ఇంకొంచెం జరుపుకుని, వినపడే చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని, ముందుకు వంగి, "ఊఁ, తర్వాత" అన్నారు.