గడీలోకి చెప్పులతో

పాత ఇళ్లంటే నాకు పిచ్చి. జనగామ దగ్గర, లింగాల ఘనపూర్ వైపు ఒక ఊళ్లో నిజాం కాలం నాటి దొర గడీని బాగుచేయించి జనానికి తెరిచారని విన్నాక ఆగలేకపోయాను. ప్రత్యేక రాష్ట్రం కోసం బందుల మీద బందులు జరుగుతున్న రోజులవి. "ఇప్పుడే పోవాలా?" అన్నారు ఇంట్లో. బందు లేని రోజు కోసం చూస్తే ఆ ఏడాది ప్రయాణమే ఉండేది కాదు.

సికింద్రాబాదులో పొద్దున్నే రైలెక్కితే జనగామకు రెండు గంటల లోపే. బస్సులు లేవు. ఇరవై రూపాయల షేర్ ఆటోకు ఆ రోజు యాభై తీసుకున్నారు. పక్కన కూర్చున్న ముసలామె మల్లవ్వది అదే ఊరు. గడీకి వెళ్తున్నానని చెప్పగానే నా బూట్ల వంక చూసింది.

"ఇప్పి పోతవా, తొడుక్కోని పోతవా?"

"ఇప్పాలి కదా అవ్వా. నేల పాడవుతుందని బోర్డు పెట్టారట."

"నేనైతే ఇప్ప. రెండుమార్లు పోయిన, రెండుమార్లు ఎల్లగొట్టిండ్రు. మా నాయిన గా గడీ ముంగట చెప్పులు చేతవట్టుకోని నడిసెటోడు. ఒక్కనాడు మరిసి తొడుక్కుంటే కట్టేసి కొట్టిండ్రు. నేను తొడుక్కోనే లోపటికి పోవాలె."

డ్రైవర్ నవ్వాడు. "రాష్ట్రమన్న వస్తది గని, కావలి సోమయ్య నిన్ను రానియ్యడవ్వా!"

ఊరి మొదట్లో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. "తినకుంటె తొవ్వ ఇయ్యం" అని మాకూ అన్నం, పప్పుచారు పెట్టారు. తిని, అక్కడి నుంచి నడిచాం.

గడీ కాపలాదారు సోమయ్యదీ ఆ ఊరే. టేకు స్తంభాల నడవా, దొర తీర్పులు చెప్పిన గది, వెట్టివాళ్లు వచ్చిపోయిన దొడ్డి దర్వాజ అన్నీ బయటి నుంచే వేలితో చూపించాడు. రైతులు తిరగబడినప్పుడు దొర పట్నం పారిపోయాడట. ఆ తర్వాత ఇది కొన్నాళ్లు వడ్ల గోదాము, కొన్నాళ్లు బడి. ఈ మధ్యే వారసులు సున్నం వేయించారు. చెబుతూ చెబుతూ మల్లవ్వ కాళ్లు చూశాడు.

"మల్ల అచ్చినవా? నా నౌకరి పోతదే అవ్వా."

"పోనీ."

"జర తుడ్సుకోనన్న పో."

"తుడువ. దుమ్ముతోనే పోత."

సోమయ్య భుజం మీది గుడ్డ సర్దుకున్నాడు. "సరే, పో. ఎనుక నేను తుడ్సుకుంట" అని పక్కకు జరిగాడు.

మల్లవ్వ కొంగు నడుముకు చెక్కి గడప దాటింది. దాటిన తర్వాత కిందికి చూసుకుంది. చెప్పులు గడప బయటే ఉన్నాయి. ఆమె విడవలేదు, నేను చూస్తూనే ఉన్నాను. కాళ్లే వాటంతటవి విడిచేశాయి.

"థూ! గీ కాళ్లకు సిగ్గు లేదు!" అంది. ఆమె కళ్లలో నీళ్లు.

వెనక్కి వచ్చింది. గోడ పట్టుకుని ఒక్కో చెప్పూ తొడుక్కుంది. ఈసారి కిందికి చూస్తూనే గడప దాటి, నడవా చివరిదాకా టపటపా నడిచి తిరిగొచ్చింది. స్తంభాల వైపు చూడనైనా లేదు.

ఆ ఇంటి చరిత్ర గోడల్లో, స్తంభాల్లో ఉంటుందనుకుని వెళ్లాను. అది ఆమె కాళ్లలో ఉంది. నేను సాయంత్రం తిరిగి బయల్దేరేటప్పటికి కూడా సోమయ్య భుజం మీది గుడ్డ పొడిగానే ఉంది, నేల మీద ఆ దుమ్ము అడుగులు అలాగే ఉన్నాయి.

వెళ్లేవారికి ఒక్క మాట: మధ్యాహ్నం వాకిట్లో బండలు కాలుతాయి, మేజోళ్లు తీసుకెళ్లండి. మనం మాత్రం చెప్పులు బయటే విడవాలి.