ఊరికి చదివిన అర్జీ

మొన్న రాప్తాడు దగ్గర మా బస్సు ముందు ఓ ట్రాక్టరు వెళ్ళింది. దాని నిండా అప్పుడే పెరికిన వేరుశనగ చెట్లు. వేళ్ళకంటిన ఆ పచ్చిమట్టి వాసన కిటికీలోంచి రాగానే అప్పటి మా హెడ్మాస్టరు బసప్ప సారు గొంతు నా చెవుల్లో మోగింది. "పైకి చదువమ్మా. ఊరికి వినపడల్ల." బడుల కోసం నేను రాసిన అర్జీలు చాలానే ఫలించాయి. గొప్పలు పోతున్నానని అనుకున్నా సరే, చెప్పుకుంటాను. ఎందుకంటే ఆ విద్య నాది కాదు, ఆయనది.

ఎనభైల మొదట్లో గుమ్మఘట్ట అవతల ఓ పల్లె బడిలో టీచరుగా చేరాను. బడి ఐదో తరగతి దాకానే. ఆపైన మగపిల్లలు పక్కూరికి నడిచిపోయేవారు, ఆడపిల్లలు చదువు మాని కూలికి పోయేవారు. వచ్చే జూన్‌లోగా గది కడితే ఆరో తరగతి ఇస్తామని అధికారులు మాటిచ్చారు. లేకుంటే అది వేరే ఊరికి పోతుంది. ఐదులో ఉన్న గంగమ్మ నా కొంగు పట్టుకుని, "టీచర్, గది రాకపోతే నేనూ చేనికేనా?" అని అడిగేది.

బెంగళూరులో ఓ ధర్మసంస్థ బడులకు సాయం చేస్తుందని తెలిసి అర్జీ రాశాను. కరువు, ఎండిన బావులు, నిరుపేదలు... రాయి కూడా కరిగేలా పేర్చాను. సారు చదివి కళ్ళజోడు తీశారు.

"బాగా ఏడిసినావమ్మా. ఈ జిల్లాలో కరువు లేనోడు యాడుండాడు? అందరూ ఇదే రాస్తారు. మనకేముండాదో రాయి."

"మనకేముంది సార్?"

"ఊరినే అడుగుదాం పా."

ఆ సాయంత్రం తల్లిదండ్రులను బడి వరండాలో కూర్చోబెట్టి నా చేత అర్జీ పైకి చదివించారు. ఎవరు కాదన్నా ఆ వాక్యం కొట్టేయాల్సిందే, అదీ ఆయన పద్ధతి. 'నిరుపేదలు' అన్నచోట గంగమ్మ తల్లి హనుమక్క లేచింది.

"మా బిడ్డల ముందర మమ్మల్ని ఇట్లంటావేమ్మా? రాళ్ళు మా గుట్టలో ఉండాయి. గోడలు మేం లేపుతాం. కప్పు ఒక్కటే అడుగు."

నాకు ఒళ్ళు మండింది. ఆదివారాలన్నీ ధారపోసి రాసింది నేను! సారు నవ్వి, "రాసుకో, అదే మన అర్జీ" అన్నారు. అంతటితో ఆగారా? వేరుశనగ పెరికే కాలంలో పిల్లలు బడికి రారనీ, అప్పుడు చేను గట్టునే పాఠం చెబుతామనీ కూడా రాయించారు.

"అది రాస్తే సాయం చేస్తారా సార్?"

"దాచిపెడితే కనపడదామ్మా?"

సంస్థ తరఫున ఓ పెద్దాయన చూడటానికి సరిగ్గా ఆ రోజుల్లోనే, మేం గట్టు మీది పాఠానికి బయల్దేరబోతుంటే దిగారు. బడిలో నరపురుగు లేదు. చేలకు పరుగెత్తి పిల్లలను తోలుకొద్దామనుకుంటే సారు చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు. మనం రాసింది ఆడుండాది. ఈయన్ని ఆడికే పిల్చుకపోదాం."

చేలో ఆడవాళ్ళు వరసగా చెట్లు పెరుకుతున్నారు. సద్దులు తిన్న పిల్లలు గట్టు మీద పలకలు పట్టుకున్నారు. పెద్దాయన కాసేపు చూసి హనుమక్క వైపు తిరిగారు. "అర్జీలో ఏం రాశారో నీకు తెలుసా అమ్మా?"

ఆమె చేతులు దులుపుకుంది. "తెలీకేం సామీ? మా ముందరే కదా చదివింది! రాళ్ళు మావి, గోడలు మావి, కప్పు మీది. చేన్లు పెరికేటప్పుడు బడి ఈడ, మిగతా దినాలు ఆడ."

"మేం ఇవ్వకపోతే?"

"గోడలైతే లేపుతాం. కప్పుకు ఇంకొకర్ని అడుగుతాం. ఆరోది మాత్రం ఈ ఊర్లోనే."

పెద్దాయన గంగమ్మ పలక తీసుకుని చూసి, తిరిగిచ్చి, చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

సాయం మంజూరైంది. రాళ్ళు మోసేందుకు ముందు తట్ట ఎత్తుకున్నది హనుమక్కే. ఉగాది వెళ్ళాక కప్పు పడింది. జూన్‌లో గంగమ్మ ఆరో తరగతి ముందు వరసలో కూర్చుంది. ఆ రోజు సారు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, ఏదో వంకతో ఆ గదిలోకి తొంగిచూస్తూనే ఉన్నారు.

సారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కుర్ర టీచర్లు కంప్యూటర్లో కొట్టిన అర్జీలు పట్టుకుని నా దగ్గరికొస్తారు. నేను విప్పి కూడా చూడను. "ముందు ఊరికి చదివి రా పో" అంటాను. పోయిన నెల గార్లదిన్నె నుంచి వచ్చిన ఓ అమ్మాయి మూతి ముడుచుకుని వెళ్ళింది, వారం తర్వాత తిరిగొచ్చింది.

"ఒకామె లేచి 'నిరుపేదలు' అన్న మాట కొట్టేయమనింది మేడమ్."

"ఇంకేమనింది?"

"గోడలు మేం లేపుతాం, రాసుకో అనింది."

నాకు ఏడుపొచ్చేసింది. ఆ పిల్ల కంగారుపడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాగి, "కూర్చో తల్లీ, ఇక రాద్దాం" అన్నాను.